కొలువు – కళ

మనిషి ఆకలి తీర్చుకోవడానికి పని చేస్తాడు. ఆకలి తీరిన తరువాత కూడా తీరకుండా మిగిలే దప్పిక ఒకటి ఉంటుంది. ఆ దప్పిక కొందరిని పాటవైపు, కొందరిని పద్యంవైపు, మరికొందరిని రేఖలవైపు, వెలుగునీడలవైపు నడిపిస్తుంది. దానికే కళ అని పేరు. పొట్టకోసం చేసే పనికీ, ప్రాణం కోరే పనికీ మధ్య పొత్తు కుదురుతుందా, కుదరదా అన్నది నేటి యువతరాన్ని వేధిస్తున్న ప్రశ్నల్లో ఒకటి.

నోటుపుస్తకం చివరి పుటల్లో బొమ్మలు గీసుకునే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. చేతిలోని సెల్‌ఫోనుతో వాన వెలిసిన వీధినీ, అరుగుమీది అవ్వనూ ముచ్చటగా చిత్రించే విద్యార్థినీ ఉంటుంది. “బొమ్మలు కూడు పెడతాయా?” అన్న మాట ఇద్దరూ ఇంట్లో వినే ఉంటారు. ఆ మాట అన్న తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. కాని వారి భయం వెనుక ఒక జీవితానుభవం ఉంది. పంట చేతికి రాని ఏడు, జీతం అందని నెల ఎలా ఉంటాయో వారు చూశారు. మరొకవైపు, ఉద్యోగానికి రాజీనామా విసిరికొట్టి కళకోసం బయలుదేరిన కథానాయకుణ్ణి చలనచిత్రాలు చప్పట్ల మధ్య నిలబెడుతున్నాయి. పైకి ఈ రెండు ధోరణులూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. కాని రెండింటి పునాదీ ఒకటే. కొలువు ఉన్నచోట కళ ఉండదనీ, కళ ఉన్నచోట కొలువు నిలవదనీ రెండూ నమ్ముతున్నాయి. ఆ నమ్మకం సరైనది కాదు. ఈ రెండూ కలిసి బతకగలవు. అయితే ఆ సహజీవనానికి కొంత మూల్యం ఉంది, కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి.

ఈ నమ్మకమే నిజమైతే తెలుగు సాహిత్యంలో సగం పుట్టి ఉండేది కాదు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరును పాలించిన మనుమసిద్ధికి తిక్కన మంత్రి. రాజ్యవ్యవహారాల ఒత్తిడి మధ్యనే ఆయన విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాల మహాభారతాన్ని తెలుగు చేశాడు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలకు యుద్ధయాత్రలకంటె పెద్ద ఉద్యోగం వేరే ఏముంటుంది? అయినా ఆముక్తమాల్యద వెలువడింది. పోతన సేద్యం చేసుకుంటూ భాగవతం రచించాడని తెలుగువారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వీరెవరూ బతుకుతెరువును కళకు శత్రువుగా భావించలేదు. మంత్రాంగం తెలిసినవాడు కనుకనే తిక్కన రాయబార ఘట్టాలలో మాటలు అంత నిగ్గుతేలి ఉన్నాయనిపిస్తుంది. చేసే పని కళకు పదును పెడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కవిత్వం సంగతి వేరు, దానికి గంటం ఉంటే చాలు. కెమెరా, రంగులు, ముద్రణయంత్రం కోరే కళల సంగతి వేరు అని కొందరు అనవచ్చు. వారికి రాజా దీన్‌దయాళ్ జీవితమే సమాధానం. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన దీన్‌దయాళ్ రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులోని ప్రజాపనుల శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నమూనాలు గీసే చిత్రలేఖకుడిగా చేరాడు. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రకళను అభ్యసించడం ప్రారంభించాడు. ఆ కాలంలో చిత్రం తీయడమంటే మీట నొక్కడం కాదు. గాజుపలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే కెమెరాలో అమర్చి, వెలుగు చూపించి, వెంటనే చీకటి గుడారంలో కడిగి తీయాలి. పలకలు, సీసాలు, గుడారం, ముక్కాలి పీట అన్నింటినీ బండ్లమీద మోయించుకొని పోవాలి. ఇంత శ్రమనూ ఆయన ఏళ్ల తరబడి కొలువులో ఉంటూనే భరించాడు.

దీన్‌దయాళ్ విషయంలో గమనించవలసినది మరొకటి ఉంది. ఆయన తీసిన కోటలు, దేవాలయాలు, రాజప్రాసాదాల చిత్రాలలో నిలువుగీత నిలువుగా, అడ్డగీత అడ్డంగా నిలుస్తాయి. కట్టడం బరువు ఎక్కడ ఆనుకొని ఉన్నదో చిత్రంలో తెలుస్తుంది. ఇది కార్యాలయంలో కొలబద్ద పట్టి నమూనాలు గీసిన చేతికి అబ్బిన చూపు. 1882లో ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధి లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించి ఆయన తీసిన చిత్రాలు 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాల గ్రంథంగా వెలువడ్డాయి. కళ తనను పోషించగలదని తేలిన తరువాతనే, 1880 దశకంలో, ఆయన సర్కారు కొలువు వీడాడు. హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం. సికింద్రాబాదులో, బొంబాయిలో చిత్రశాలలు నెలకొల్పాడు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీలకోసం ప్రత్యేక చిత్రశాల తెరిచి, అక్కడ స్త్రీనే ఛాయాగ్రాహకురాలిగా నియమించాడు. నాటి హైదరాబాదు ముఖం నేడు మనకు తెలియడానికి ఒకప్పటి ప్రజాపనుల శాఖ ఉద్యోగి ఆసక్తి కారణమైంది.

అమెరికాలోని రోచెస్టర్ నగరంలోనూ ఇటువంటి కథే జరిగింది. అక్కడి ఒక బ్యాంకులో జార్జ్ ఈస్ట్‌మన్ అనే యువ గుమస్తా ఉండేవాడు. 1877లో ఆయన ఛాయాచిత్ర సామగ్రి కొన్నాడు. ఆ తడిపలకల అవస్థ భరించలేక, పొడిపలకలను తయారు చేయాలని పూనుకున్నాడు. పగలు బ్యాంకు లెక్కలు, రాత్రి తల్లి వంటగదిలో రసాయనాల ప్రయోగాలు. 1880లో పలకల వ్యాపారం ప్రారంభించాడు. బ్యాంకు ఉద్యోగాన్ని మాత్రం 1881లో గాని వదలలేదు. 1888లో ఆయన విపణిలోకి తెచ్చిన కొడాక్ కెమెరా ఛాయాచిత్రకళను సామాన్యుని చేతికి అందించింది. వేల మైళ్ల ఎడంలో ఉన్న దీన్‌దయాళ్, ఈస్ట్‌మన్ ఇద్దరూ ఒకే పద్ధతి పాటించారు. రెండో కాలు నేలమీద గట్టిగా ఆనిన తరువాతనే మొదటి కాలు ఎత్తారు.

కొలువు విడవకుండానే కళలో పండినవారూ ఉన్నారు. అడవి బాపిరాజు న్యాయశాస్త్రం చదివారు; బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షులుగా, ‘మీజాన్’ పత్రికకు సంపాదకులుగా పనిచేశారు; నవలలతోపాటు చిత్రాలకూ అంతే పేరు పొందారు. సిద్ధిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) పాఠశాలలో చిత్రలేఖనం బోధించే ఉపాధ్యాయులు. పిల్లలకు బొమ్మలు నేర్పుతూనే, నకాషీ చిత్రకారుల రేఖనూ, రంగునూ తన కుంచెలోకి తెచ్చుకొని, బోనాలను, బతుకమ్మను, పల్లె జీవితాన్ని చిత్రించారు. ఆయన మహానగరానికి తరలిపోలేదు. బడి ఉన్న ఊరే ఆయనకు చిత్రవస్తువైంది. ఉద్యోగం కళాకారుణ్ణి కట్టిపడేస్తుందంటారు. ఒక్కొక్కప్పుడు అది అతణ్ణి ఒకచోట నిలిపి, ఆ చోటును లోతుగా చూసేట్టు చేస్తుంది.

జీతం కళకు చేసే మేలు మరొకటి ఉంది. అది కళాకారునికి ‘కాదు’ అనే శక్తినిస్తుంది. చిత్రాలమీదనే బతికేవాడు వచ్చిన ప్రతి పనీ ఒప్పుకోక తప్పదు. నచ్చని రంగు వేయమన్నా వేయాలి, వద్దనుకున్న అక్షరం రాయమన్నా రాయాలి. నెల మొదటి తేదీన జీతం అందుకొనేవాడు తన చిత్రాన్ని తన మనసుకు నచ్చేదాకా దిద్దుకోవచ్చు. దానిని ఎవరూ కొనకపోయినా ఇంట్లో పొయ్యి ఆరదు. మెచ్చుకోళ్ల కోసం తొందరపడవలసిన అవసరమూ లేదు. వివియన్ మేయర్ (1926–2009) అమెరికాలోని షికాగో నగరంలో ఇళ్లలో పిల్లలను సాకే ఆయాగా దశాబ్దాలపాటు పనిచేసింది. మెడలో కెమెరా వేసుకొని వీధుల్లో తిరుగుతూ లక్షకు పైగా చిత్రాలు తీసింది. వాటిని దాదాపు ఎవరికీ చూపలేదు. 2007లో ఆమె సామాను వేలానికి వచ్చినప్పుడుగాని ఆ నిధి బయటపడలేదు. ఆమె ఒంటరితనం ఆదర్శం కానక్కరలేదు. కాని చూడడంలోనే ఒక తృప్తి ఉన్నదనీ, ఆ తృప్తికి చప్పట్లు అవసరం లేదనీ ఆ జీవితం చెబుతున్నది.

అయితే సమయం ఎక్కడిది? ఈ పథంలో ఎదురయ్యే మొదటి అడ్డంకి ఇదే. రోజుకు ఒక గంట చొప్పున సంవత్సరంలో మూడు వందల రోజులు కేటాయిస్తే మూడు వందల గంటలవుతాయి. ఏ విద్యలోనైనా గట్టి పునాది వేయడానికి అవి చిన్న గంటలు కావు. పైగా ఛాయాచిత్రకళకు ప్రకృతియే ఒక వరమిచ్చింది. సూర్యోదయానంతరం, సూర్యాస్తమయానికి ముందు కొద్దిసేపు వెలుగు ఏటవాలుగా పడుతుంది. నీడలు పొడవుగా సాగుతాయి, రంగులు మెత్తబడతాయి. నడినెత్తిన సూర్యుడున్నప్పటి వెలుగు ముఖాలను మాడ్చినట్లు చూపుతుంది. మంచి వెలుగున్న వేళ కార్యాలయం ఇంకా తెరవరు. చెడ్డ వెలుగున్న వేళ ఉద్యోగి ఎలాగూ కార్యాలయంలోనే ఉంటాడు. శీతకాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలను, కొల్లేటి గూడబాతులను చూడాలంటే ఆదివారం తెల్లవారుజామున లేవగలిగితే చాలు.

రేఖాచిత్రకళకు, అక్షరశిల్పానికి ఈ వెసులుబాటు మరీ ఎక్కువ. పుస్తకానికి ముఖచిత్రం, సభకు గోడపత్రిక, సంస్థకు చిహ్నం వంటివి కొంత గీసి, కొంత ఆపి, మరునాడు మళ్లీ అందుకోవచ్చు. లినోలియం పలకమీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం పరచి, చెంచా వెనుకభాగంతో రుద్దితే ముద్రణచిత్రం తయారవుతుంది. దానికి పెద్ద యంత్రం అక్కరలేదు; వంటింటి బల్ల చాలు. తెలుగు లిపి ఈ కళకు తరగని గని. గుండ్రని అక్షరం, దానిమీద తలకట్టు, కింద వేలాడే ఒత్తు, వీటిని ఒక చట్రంలో అందంగా ఒదిగించడం జీవితకాలపు సాధన. న్యాయశాస్త్రం చదివిన బాపు (1933–2014) చేతిరాత అచ్చు అక్షరాలకు ఒరవడి అయి, పెళ్లి శుభలేఖల్లోకీ పుస్తకాల అట్టలమీదికీ వ్యాపించిన సంగతి తెలిసిందే.

సాధన అంటే పనిముట్లు కూడబెట్టడం కాదు. జీతమున్నవాణ్ణి ముందుగా పట్టుకొనే జబ్బు అదే. చిత్రం బాగా రాకపోతే కటకం మార్చాలనీ, కెమెరా మార్చాలనీ తోస్తుంది. మన పూర్వులు చతుష్షష్టి కళలలో ఆలేఖ్యాన్ని చేర్చారు. కామసూత్రాలకు వ్యాఖ్య రాసిన యశోధరుడు దానికి ఆరు అంగాలు చెప్పాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనేవి ఆ ఆరు. ఆకారాల తేడా గుర్తించడం, కొలతలు కుదర్చడం, భావం పలికించడం, సొగసు కూర్చడం, పోలిక పట్టడం, రంగుల పొందిక తెలియడం అని వాటి సారాంశం. ఈ ఆరింటిలో అంగడిలో దొరికేది ఒక్కటీ లేదు. ఆరూ కంటికీ, చేతికీ, మనసుకూ సంబంధించినవే.

ఇక మూల్యం సంగతి. గంటలు గాలిలోంచి ఊడిపడవు. ఎవరో ఒకరి వాటా నుంచి రావలసిందే. నిద్రనుంచి తీసుకుంటే శరీరం లెక్క అడుగుతుంది. కుటుంబంనుంచి తీసుకుంటే ఇల్లు లెక్క అడుగుతుంది. ఆదివారం ఉదయమే కెమెరా భుజాన వేసుకొని భర్త బయలుదేరితే, ఆ పూట పిల్లల బాధ్యత, వంట బాధ్యత ఎవరిమీద పడుతున్నాయి? ఉద్యోగం చేసే స్త్రీకి కార్యాలయం ఒక కొలువైతే, వంటిల్లు రెండో కొలువు. ఆమెలోని చిత్రకారిణికి మిగిలేది మూడో జాము మాత్రమే. కళాకారులలో స్త్రీలు తక్కువెందుకని ఆశ్చర్యపడేవారు ముందు ఆ ఇంటి గడియారాన్ని చూడాలి. ఒక ఆదివారం అతడు, మరొక ఆదివారం ఆమె అనుకొని వేళలను పంచుకొన్న ఇంట్లోనే కళ న్యాయంగా బతుకుతుంది. ఒకరి విశ్రాంతిని కాజేసి తీసిన చిత్రం ఎంత అందంగా ఉన్నా దానిమీద ఒక అప్పు మిగిలే ఉంటుంది.

కొలువు పట్ల నిజాయితీ రెండో కట్టుబాటు. కార్యాలయం వేళలో, కార్యాలయం కంప్యూటరుమీద సొంత చిత్రాలు దిద్దుకోవడం చిన్న దొంగతనమే అయినా దొంగతనమే. నియమాలు తెలుసుకొని నడవడం ఉత్తమం. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదు. అయితే విధులకు భంగం కలగనంతవరకు, అప్పుడప్పుడు సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనులు చేసుకోవడానికి ఆ నియమావళే వీలు కల్పించింది. ప్రభుత్వం కూడా కళకూ వ్యాపారానికీ మధ్య గీత గీసిందన్నమాట. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన చిత్రానికి తొలి హక్కుదారు యజమానియే. డబ్బు తీసుకొని ఇతరులకోసం తీసిన ఛాయాచిత్రానికి తొలి హక్కుదారు దానిని తీయించుకున్నవారే. ఈ సంగతులు ముందే తెలిసి ఉంటే తరువాత తగాదాలు రావు.

మూడో కట్టుబాటును చాలామంది గుర్తించరు. ఛాయాచిత్రకళే జీవనాధారమైనవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఒకప్పుడు దుకాణాల పేరుబల్లలను కుంచెతో రాసిన చిత్రకారులు వీధివీధినా ఉండేవారు. ఫ్లెక్సీలు వచ్చి వారి కుంచెలను ఆర్పివేశాయి. సెల్‌ఫోను కెమెరాలు వచ్చాక చిన్న స్టూడియోలకు గిరాకీ తగ్గింది. ఇటువంటి స్థితిలో జీతమున్నవాడు సరదాకోసం పెళ్లి చిత్రాలను ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో తీసిపెడితే, ఆ సరదా మరొకరి అన్నం గిన్నెను బోర్లిస్తుంది. “నాకు డబ్బు అవసరం లేదు” అనడం ఉదారంగా వినిపిస్తుంది. కాని ఆ మాట పని విలువను ఊరంతటికీ తగ్గిస్తుంది. ఆత్మీయులకు చేసిపెట్టడం వేరు. అంగడిలో నిలబడడం వేరు. అంగడిలో నిలబడదలచినవాడు అంగడి ధర అడగాలి. లేదా, ఆ పనిని దానిమీద బతికేవారికి వదిలి, తన తీరికను ఎవరూ డబ్బిచ్చి చేయించని పనులకు వినియోగించాలి.

అటువంటి పనులకు కొదవ లేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరాలయం నీరు తగ్గినప్పుడు ఏటా కొంతకాలం బయటపడి, మళ్లీ మునుగుతుంది. ప్రాజెక్టుల కింద ఊళ్లకు ఊళ్లే తరలిపోతున్నాయి. పెంకుటిళ్లు, అరుగులు, మోటబావులు, కుంచెతో రాసిన పేరుబల్లలు, తోలుబొమ్మలాటలు కళ్లముందే కనుమరుగవుతున్నాయి. వీటిని చిత్రించి, ఊరిపేరు, తేదీ రాసి భద్రపరిచేవాడు చరిత్రకు సాక్షి అవుతాడు. ఈ పనికి జీతమిచ్చే సంస్థలు అరుదు. జీతం మరొకచోట దొరుకుతున్నవాడే దీనిని చేయగలడు. తన ఊరిలో ఒక వీధిని పది సంవత్సరాలపాటు ఏటా ఒకే చోట నిలబడి చిత్రించే ఉద్యోగి, విదేశీ దృశ్యాల వెంట పరుగెత్తేవానికంటె విలువైన సేవ చేసినట్లే. అయితే మనుషులను చిత్రించేటప్పుడు వారి అనుమతి అడగాలి. పేదవాని ముడతలు మన పోటీ బహుమతికి ముడిసరకు కారాదు.

నాలుగు మాటలు చెబితే యంత్రమే బొమ్మ గీసి ఇచ్చే కాలం వచ్చింది కదా, ఇంకా ఈ శ్రమ ఎందుకని ఇప్పుడు కొందరు అడుగుతున్నారు. బజారులో పూలదండ దొరుకుతుందని పెరటి మల్లెను ఎవరూ పీకివేయరు. యంత్రం బొమ్మను ఇవ్వగలదు గాని, బొమ్మ గీస్తూ మనిషి పొందే చూపును ఇవ్వలేదు. ఒక ఆకును గంటసేపు చూసి గీసినవానికి ఆ తరువాత ఏ చెట్టూ మునుపటిలా కనిపించదు. సాధనకు అసలు ఫలం ఆ చూపే. దానిమీదనే బతకవలసిన వృత్తికళాకారుల కష్టం మాత్రం నిజమైనది. వారి పక్షాన నిలబడడం జీతమున్న కళాభిమానికి మరింత బాధ్యత.

కళకోసం ఉద్యోగం విడవడం తప్పని దీని అర్థం కాదు. కొందరికి ఆ ఘడియ వస్తుంది. పని నాణ్యతను తెలిసినవారు గుర్తించడం, ఆ పనినుంచి నిలకడగా రాబడి అందడం, ఇంటివారి సమ్మతి లభించడం అన్నవి మూడూ కూడినప్పుడు అడుగు వేయవచ్చు. పై అధికారిమీది కోపం ఈ మూడింటిలో లేదు. కోపంతో వదిలిన కొలువు కళకు పెట్టుబడి కాజాలదు.

కొలువు మనిషిని నిలబెడుతుంది. కళ అతణ్ణి నిటారుగా నిలబెడుతుంది. నేడు లెక్కల పుస్తకం మాటున బొమ్మలు గీసుకునే విద్యార్థి రేపు ఇంజనీరో, గుమస్తాయో, ఉపాధ్యాయుడో కావచ్చు. ఆ బొమ్మల పుస్తకాన్ని అటకమీదికి ఎక్కించవలసిన అవసరం అతనికి లేదు. దానిని చింపివేయవలసిన అవసరం తల్లిదండ్రులకు అంతకన్నా లేదు. పగలు లోకానికి చేసిన పనికి జీతం తీసుకొని, సాయంత్రం తన మనసుకు చేసిన పనికి తృప్తి తీసుకొనేవాడు రెండు విధాలా సంపన్నుడే.